హంతకుని మనస్సును గూర్చిన విచారణ: అనంతపురం కరువు సీమ నుండి ఒక చారిత్రక పరిశీలన

మన బైబిలులో మొట్టమొదటి హత్య జరుగక ముందే ఒక విచారణ జరిగింది. కయీను ముఖం చిన్నబోయి ఉన్నప్పుడు దేవుడు అతనిని పలకరించి, నీకెందుకీ కోపము అని అడిగాడు. హత్య తరువాత దేవుడు అడిగిన ప్రశ్న మీద మనము ఎన్నో ప్రసంగాలు విన్నాము, చేశాము కూడా. హత్యకు ముందు అడిగిన ప్రశ్న మీద విన్నవి చాలా తక్కువ. న్యాయ మనోవైద్యశాస్త్రము అని నేడు పిలువబడే శాస్త్రానికి మూలమైన ప్రశ్న ఇదే. చంపినవాని చేతిని చూసి ఊరుకొనక, ఆ చేతిని కదిలించిన మనస్సులో ఏమి జరిగినదని అది అడుగుతుంది.

ఈ ప్రశ్నను అనంతపురం పీఠభూమి మీద నిలబడి అడగాలని మేము కోరుకున్నాము. 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లా, 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, వేరుశనగ చేలు, ఎండిన బోర్లు, వీటితో పాటు ఫ్యాక్షన్ అనే మాట. ఇక్కడ పరిచర్య చేసే కాపరికి హత్య పత్రికలో చదివే వార్త మాత్రమే కాదు. చనిపోయినవాని భార్య, చంపినవాని తల్లి ఒకే సంఘములో వేరువేరు వరుసలలో కూర్చునే ఆదివారాలు ఉంటాయి. ఆ రోజు ప్రభువు బల్ల ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అనే ప్రశ్నకు సెమినరీలో మనకు ఎవరూ జవాబు నేర్పలేదు.

రక్తములోనే ఉన్నదా?

"సీమ రక్తం" అనే మాటను మనవారే గర్వంగానో ఎగతాళిగానో వాడుతుంటారు. ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. 1876లో ఇటలీ దేశపు వైద్యుడు సెజారే లాంబ్రోసో నేరస్థుని గూర్చిన తన గ్రంథాన్ని ప్రచురించాడు. పుట్టుకతోనే కొందరు నేరస్థులు, వారి పుర్రెలో, దవడలో, చెవులలో ఆ గుర్తులు కనిపిస్తాయి అని అతని వాదం. అదే 1876లో మన దత్తమండలాలలో మహా కరువు ప్రారంభమై 1878 వరకు సాగింది. ఒకవైపు మనుష్యులు ఆకలికి రాలిపోతున్నారు. మరొకవైపు నేరానికి కారణం పుర్రె ఆకారమని ఐరోపాలో కొలతలు తీస్తున్నారు.

ఆ కొలతలు మన దగ్గరకూ వచ్చాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాలవారి తలలను, ముక్కులను కొలిచి 1909లో పెద్ద సంపుటాలుగా ప్రచురించాడు. ఉత్తరాదిన 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరింపజేశారు. ఎరుకలవారి వంటి సంచార కులాలలో పుట్టిన బిడ్డ పుట్టిన దినం నుండే అనుమానితుడు. ఈ సంగతి మనము బయటివారి తప్పుగా చెప్పి తప్పించుకోలేము. గుంటూరు ప్రాంతంలోని స్టూవర్టుపురం సెటిల్మెంటును 1913లో నడపడం ప్రారంభించినది రక్షణ సైన్యము. కావలి సెటిల్మెంటును నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషను. రక్షణ సైన్యపు నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్, ఐ.సి.ఎస్. ఉద్యోగం వదలి వచ్చిన త్యాగశీలి, ఈ పనికి "క్రిమినోక్యూరాలజీ" అని ఒక కొత్త శాస్త్రం పేరే పెట్టాడు. నేరము రోగము, దానికి పనీ ప్రార్థనా క్రమశిక్షణా మందు అని అతని నమ్మకం. పుట్టుకతో వచ్చిన నేరము మారదన్న లాంబ్రోసో కంటే ఇది దయగల మాటే. అయినా ఒక్కొక్క మనిషి ఏమి చేశాడని అడగకుండా, ఒక కులమంతటికీ కలిపి వైద్యం చేయబూనడం అన్యాయమని ఆనాటి మిషనరీలలో ఎక్కువమందికి తోచలేదు. చట్టం దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది. స్టూవర్టుపురం పేరు చెబితే నేటికీ కొందరు జేబు తడుముకుంటారు.

ఇదే కాలంలో, 1893 అక్టోబరులో, మన గుంతకల్లు దగ్గర జరిగిన మరొక హత్యను ఇక్కడ జ్ఞాపకం చేయాలి. బ్రిటిషు సిపాయీలు తరుముతుండగా పరుగెత్తి వచ్చిన ఇద్దరు స్త్రీలకు రైల్వే గేటు కాపలాదారు హంపన్న ఆశ్రయమిచ్చాడు. ఒక సిపాయి అతనిని కాల్చాడు, హంపన్న చనిపోయాడు. మద్రాసు హైకోర్టులో ఆ సిపాయి నిర్దోషిగా విడుదలయ్యాడు. గుత్తి కేశవపిళ్ళై ఈ సంగతిని "హిందూ" పత్రిక ద్వారా లోకానికి తెలియజేశాడు. ఆ సిపాయి పుర్రెను ఎవరూ కొలవలేదు.

పిచ్చివాడా, దుష్టుడా?

రక్తము కాకపోతే రోగమా? ఈ ప్రశ్నకు ఆంగ్ల న్యాయశాస్త్రం ఇచ్చిన జవాబు 1843 జనవరిలో లండను వీధిలో జరిగిన ఒక హత్య నుండి వచ్చింది. డేనియల్ మెక్‌నాటన్ అనే స్కాట్లండు మనిషి ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చాడు. అధికార పక్షం తనను వెంటాడి వేధిస్తున్నదని అతని భ్రమ. న్యాయస్థానం అతనిని మతిలేనివానిగా ఎంచి శిక్ష నుండి తప్పించింది. మిగిలిన జీవితమంతా పిచ్చాసుపత్రులలోనే గడిచింది. ప్రజలు మండిపడగా, ప్రభువుల సభ న్యాయాధిపతులను పిలిచి నియమాలు చెప్పించింది. వాటి సారమే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షనుగా మన చట్టంలోకి వచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షను. సంఖ్య మారిందిగాని సంగతి మారలేదు. మతిస్థిమితం లేనందున తాను చేస్తున్న పని ఏమిటో గాని, అది తప్పు లేక చట్టవిరుద్ధమని గాని తెలుసుకోలేనివాడు చేసినది నేరము కాదు.

ఇక్కడ పాఠకులు ఒక భేదం గమనించాలి. వైద్యుడు చెప్పే మతిభ్రమణం వేరు, చట్టం అడిగే మతిభ్రమణం వేరు. మనిషికి జబ్బు ఉన్నంత మాత్రాన చట్టం విడిచిపెట్టదు. ఆ క్షణంలో, ఆ పని విషయంలో అతనికి తెలివి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. 1964లో సుప్రీంకోర్టు దహ్యాభాయి ఠక్కర్ కేసులో ఈ మాటనే స్పష్టం చేసింది. నిరూపించే భారం నిందితునిదే, అయితే ప్రాసిక్యూషనుకు ఉన్నంత బరువైన భారం కాదు అని కూడా చెప్పింది.

పిచ్చి నటించేవారి సంగతి? మొదటి సమూయేలు 21వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్త కాదు. గాతు రాజైన ఆకీషు ఎదుట దావీదు తలుపుల మీద గీతలు గీసి, ఉమ్మి గడ్డం మీద కారనిచ్చి, పిచ్చివానివలె నటించి ప్రాణం దక్కించుకొన్నాడు. ఆకీషు తనకు పిచ్చివారు కొదువా అని విసుక్కున్నాడేగాని పరీక్ష చేయించలేదు. నేటి మనోవైద్యుడైతే రోజుల తరబడి వార్డులో ఉంచి, నిద్రలో, భోజనంలో, ఎవరూ చూడనప్పుడు ఎట్లున్నాడో గమనింపజేస్తాడు. నటనకు అలుపు వస్తుంది, జబ్బుకు రాదు.

చట్టం మనస్సును లెక్కలోకి తీసుకొనే మరొక చోటు ఆకస్మికమైన, తీవ్రమైన ప్రేరేపణ. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి తన భార్య ప్రియుని కాల్చిన కేసులో దేశమంతా ఈ మాట నేర్చుకొంది. 1961లో సుప్రీంకోర్టు అతని వాదనను ఒప్పుకోలేదు. కోపం చల్లారడానికి చాలినంత వ్యవధి ఉన్నదని అన్నది.

ఇప్పుడు మన పీఠభూమికి తిరిగి వద్దాము. ఇక్కడ పగతో చంపినవాడు పిచ్చివాడు కాడు. ఆకస్మికంగా ఉద్రేకపడినవాడూ కాడు. అతడు పదేండ్లు ఆగగలడు. ఆగిన కాలంలో పెండ్లి చేసుకుంటాడు, పొలం దున్నుతాడు, పిల్లలను బడికి పంపుతాడు. చట్టానికి ఇతడు కేవలం హంతకుడు; మనోవైద్యునికి ఇతని దగ్గర చూపించడానికి జబ్బు లేదు. 1941లో హెర్వీ క్లెక్లీ వర్ణించిన, తరువాత రాబర్ట్ హేర్ కొలమానం తయారుచేసిన సైకోపాత్ రకం మనిషి ఫ్యాక్షన్‌లో అక్కడక్కడ ఉండవచ్చును. కాని అట్టివానికి ఎవరిమీదనూ నిజమైన మమకారం ఉండదు. ఫ్యాక్షన్ నడిచేదే మమకారం మీద.

ముప్పై ఆరేండ్ల పగ

రాష్ట్రమంతటికీ తెలిసిన ఒక పగను మాత్రమే తీసుకొందాము. 1975లో వామపక్ష భూపోరాటాలతో సంబంధమున్న పరిటాల శ్రీరాములును ప్రత్యర్థులు చంపారు. 1983లో ప్రత్యర్థి వర్గపు గంగుల నారాయణరెడ్డి అనంతపురం పట్టణంలో లాడ్జిలో హతుడయ్యాడు. 1993లో మద్దెలచెరువులో నారాయణరెడ్డి కుటుంబం ఇంటిలో టీవీలో అమర్చిన బాంబు పేలి ఇంటివారు చనిపోయారు. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో సినిమా స్టూడియో దగ్గర శ్రీరాములు కుమారుడు పరిటాల రవిని గురిపెట్టి కారుబాంబు పేల్చారు. రవి బ్రతికాడు; 26 మంది చనిపోయారు, వారిలో టీవీ చానలు సిబ్బంది ఉన్నారు. ఈ కేసులో నారాయణరెడ్డి కుమారుడు సూర్యనారాయణరెడ్డి, అనగా మద్దెలచెరువు సూరికి యావజ్జీవ శిక్ష పడింది. 2005 జనవరి 24న, అప్పటికి పెనుకొండ శాసనసభ్యుడైన రవిని అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర కాల్చి చంపారు. ఆ కేసులో ప్రధాన నిందితులలో ఒకడైన మొద్దు శ్రీను విచారణ ముగియకముందే 2008 నవంబరులో అనంతపురం జిల్లా జైలులో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. 2011 జనవరి 3న సూరి హైదరాబాదులో కారులో హతుడయ్యాడు. చంపినవాడు బయటి శత్రువు కాడు, అతని అనుచరుడే. 2018లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

ఈ వరుసలో స్థలాలను చూడండి. లాడ్జి, ఇంటి నడుమ టీవీ, స్టూడియో దగ్గరి రోడ్డు, పార్టీ కార్యాలయం, జైలు, స్నేహితుని పక్క సీటు. మనిషి తాను భద్రంగా ఉన్నాననుకొనే చోట్లే ఇవన్నీ.

మొద్దు శ్రీను రవి హత్య తరువాత టీవీ చానలు వారితో మాట్లాడుతూ, సూరి కళ్ళలో ఆనందం చూడడానికే ఈ పని చేశానన్న అర్థము వచ్చే మాట అన్నాడు. సూరిని అతడు బావ అని పిలిచేవాడు. ఆ మాట తరువాత రాష్ట్రంలో సామెత వలె, వేళాకోళం వలె తిరిగింది. మేము దానిని వేళాకోళంగా తీసుకోలేము. డబ్బు కోసం చేశానని అతడు అనలేదు, భయపడి చేశానని అనలేదు, వెర్రి కోపమని అనలేదు. వేరొక మనిషి ముఖంలో కనబడబోయే సంతోషము కోసం అన్నాడు. హత్యకు ఇంతకంటె సూటియైన మనస్తత్వ వాంగ్మూలం మన భాషలో మరొకటి ఉన్నదా అని మాకు సందేహం. ప్రేమకు వాడే మాటలే అవి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర జైళ్ళలో ఎన్నో ఏండ్లు మనోవైద్యునిగా పనిచేసిన జేమ్స్ గిల్లిగన్ 1996లో ప్రచురించిన గ్రంథములో, ఘోరమైన హింసల వెనుక తనకు కనిపించినది అవమానము అని వ్రాశాడు. తనను లెక్కచేయలేదు, నలుగురిలో నవ్వారు, మగవానిగా ఎంచలేదు అన్న బాధ. అది ఎంత చిన్న సంగతి వలన కలిగితే మనిషి దానిని బయటికి చెప్పుకొనడానికి అంతగా సిగ్గుపడతాడు, కాబట్టి దాచుకొంటాడు. సీమ పల్లెలో తండ్రిని పోగొట్టుకొన్న పిల్లవానిని ఊరు మామూలు పిల్లవానిగా చూడదు. ఫలానావాని కొడుకు అంటుంది. ఆ మాటలో జాలి ఎంత ఉన్నదో ఎదురుచూపు అంత ఉంటుంది. ఆ పిల్లవాడు పెరిగే కొద్దీ ఏమీ చేయకపోవడమే అతనికి అవమానమవుతుంది. 1999లో వచ్చిన "సమరసింహారెడ్డి" మొదలుకొని వరుసగా వచ్చిన సినిమాలు ఆ ఎదురుచూపుకు తొడగొట్టే చప్పుడు కలిపాయి. హాలులో చప్పట్లు కొట్టినవారిలో మన యౌవనస్థులూ ఉన్నారు.

అయితే అంతా మనస్సులోనే ఉన్నదని చెప్పడం కూడా తప్పు. మానవహక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ (1952–2009) సీమ ఫ్యాక్షన్‌ను గూర్చి వ్రాసినప్పుడు రక్తగుణము అనే వివరణను పక్కన పెట్టి, గ్రామం మీద పెత్తనం, ఎన్నికలు, కాంట్రాక్టులు అనే మార్గాన చూపించాడు. పాళెగాళ్ళ వారసత్వమే ఇదంతా అనేవారు, 1800–1807 మధ్య థామస్ మన్రో పాళెగాళ్ళను అణచిన తరువాత రెండు వందల ఏండ్లలో ఏమి మారిందో, ఏమి మారలేదో చెప్పవలసి ఉంటుంది. నాయకుల పేర్లే మనకు తెలుసు. కత్తి పట్టినవారు, కత్తికి బలియైనవారు ఎక్కువమంది పేదలు, నాయకుని మీద ఆధారపడిన కుటుంబాలవారు. బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో పనిచేసిన మనోవైద్యురాలు గ్వెన్ ఆడ్‌షెడ్ సైకిలుకు వేసే అంకెల తాళాన్ని ఉపమానంగా వాడింది. పేదరికం ఒక అంకె, మగతనపు గర్వం ఒక అంకె, మత్తు ఒక అంకె. అన్నీ ఒక్క వరుసలోకి వచ్చినప్పుడు తాళం తెరుచుకుంటుంది. ఆఖరి అంకె తరచుగా చాలా చిన్నది, చంపినవానికి తప్ప ఎవరికీ అర్థం కానిది.

హెబ్రోను గుమ్మములో

సంఖ్యాకాండము 35వ అధ్యాయాన్ని మనము సాధారణంగా క్రీస్తు ఆశ్రయమునకు ఛాయగా బోధిస్తాము. అది సరే. కాని దానిని న్యాయగ్రంథముగా ఒకసారి చదవండి. చంపినవాని చేతిలో ఏ వస్తువు ఉన్నది, పొంచి ఉన్నాడా, పూర్వము నుండి ద్వేషము ఉన్నదా, లేక పగ ఏమీ లేక హఠాత్తుగా జరిగినదా అని అది అడుగుతుంది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రతిహత్య చేయబోయేవాని మనస్సును కూడా లెక్కలోకి తీసుకొంటుంది. వాని హృదయము మండుతూ ఉంటుంది, దారి దూరమైతే పట్టుకొని చంపుతాడు, కాబట్టి దారి సిద్ధపరచి దేశాన్ని భాగాలు చేయండి అంటుంది. మండే హృదయానికి ఉపదేశం చెప్పలేదు, దానికీ దాని గురికీ మధ్య దూరాన్ని ఏర్పాటు చేసింది. యెహోషువ 20లో పారిపోయి వచ్చినవాడు పట్టణపు గుమ్మమునొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి వినిపించాలి. వారు మొదట వినాలి.

ఆ ఆశ్రయపురములలో హెబ్రోను ఒకటి. రెండవ సమూయేలు 3లో యోవాబు అబ్నేరును చంపినది ఆ హెబ్రోను గుమ్మములోనే. అబ్నేరు యుద్ధములో, వద్దు వెళ్ళిపొమ్మని బ్రతిమాలిన తరువాత అశాహేలును చంపాడు. యోవాబు సమాధాన కాలములో, ఏకాంతముగా మాట్లాడవలెనని పక్కకు తీసికొనిపోయి పొడిచాడు. పెద్దలు కూర్చుండి వినవలసిన స్థలములో. యోవాబుకు పిచ్చి లేదు. అతడు దావీదు సైన్యములో అందరికంటె తెలివైనవాడు. తమ్ముని మీద ప్రేమ ఉన్నది, సేనాధిపత్యము పోతుందేమోనన్న లెక్క కూడా ఉన్నది. ఈ రెండింటిని విడదీయడం యోవాబుకే సాధ్యమయ్యేదా? దావీదు అతనిని శపించాడు, శవము వెంట నడిచి ఏడ్చాడు, పదవిలో మాత్రము ఉంచాడు. శిక్ష సొలొమోను వరకు ఆగింది. ఈ అధ్యాయాన్ని అనంతపురం జిల్లాలో చదివేటప్పుడు వ్యాఖ్యానగ్రంథాల అవసరం అంతగా ఉండదు.

కాపరి యెదుట కూర్చున్న మనిషి

మన సువార్త మహాసభలలో మారుమనస్సు పొందిన హంతకుల సాక్ష్యములకు గొప్ప ఆదరణ ఉంది. మేము విన్న కొన్నింటిలో ఏడాదికేడాది హత్యల సంఖ్య పెరిగింది. సాతాను చేయించాడు, యేసు కడిగాడు అనే రెండు వాక్యముల మధ్య చంపబడినవాని పేరు ఎన్నడూ వినబడలేదు. లాంబ్రోసో పుర్రెను నిందించినట్లే మనము సాతానును నిందించి మనిషిని ఖాళీ చేస్తున్నామా అని మాకు అనుమానం. యుద్ధములనుండి తిరిగి వచ్చిన అమెరికా సైనికులకు వైద్యము చేసిన జోనతన్ షే, 1994 నుండి తన రచనలలో నైతిక గాయము అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. తాను సరియైనదని నమ్మినదానికి విరుద్ధంగా జరిగినప్పుడు మనిషిలో తగిలే గాయము అది. చంపినవానికి నిద్ర పట్టకపోవడం, పిల్లవానిని ఎత్తుకోలేకపోవడం, త్రాగుడు, ఇవి ఎల్లప్పుడూ దయ్యపు పీడన కావు. వాటిని తొందరగా తీసివేయమని ప్రార్థించడం కంటె వినడం కష్టము. కేసు విచారణలో ఉండగా ఒప్పుకోలు వినే కాపరికి చట్టపరమైన చిక్కులూ ఉంటాయి. ముందుగా న్యాయవాదితో మాట్లాడి తెలుసుకోవడం పిరికితనం కాదు.

దీనికి ఎదురు తప్పిదం కూడా ఉంది, అది జబ్బును జబ్బుగా చూడకపోవడం. 2021 జనవరి 24న, మన పీఠభూమి అంచున ఉన్న మదనపల్లెలో, బాగా చదువుకొన్న తల్లిదండ్రులు తమ ఇద్దరు కుమార్తెలను, మరల బ్రతికి వస్తారన్న నమ్మకంతో చంపారని పోలీసులు కేసు పెట్టారు. వారికి ఏ జబ్బు ఉన్నదో నిర్ణయించడం మన పని కాదు. ఒకరి భ్రమ అదే ఇంట్లోని మరొకరికి అంటుకొనడాన్ని ఫ్రెంచి వైద్యులు లాసేగ్, ఫాల్రే 1877లోనే వర్ణించారు. మనకు ముఖ్యమైనది, మతపరమైన భాషలో మాట్లాడే మనిషికి జబ్బు ఉండవచ్చునని గుర్తించడం. ఉపవాసం పెంచుతూ, నిద్ర మానుతూ, తనకు ప్రత్యేకమైన ఆజ్ఞలు వస్తున్నాయని చెప్పే విశ్వాసిని వేదిక ఎక్కించే ముందు వైద్యునికి చూపించాలి. మానసిక రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయనివారు; హానికి గురయ్యేవారే ఎక్కువ. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది అగ్నికి ఆహుతయ్యారు. గొలుసు కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం నిషేధించింది. మన ప్రార్థనా మందిరాల ఆవరణలలో ఎక్కడైనా అట్టి గొలుసు ఉంటే దానిని ఈ వారమే తీసివేయాలి.

అదే చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని చెబుతుంది. సుప్రీంకోర్టు 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో, మతి చెడిన ఖైదీని ఉరితీయరాదని చెప్పింది. జైలు పరిచర్య చేసేవారు ఈ రెండింటిని తెలిసికొని, తాము చూచే ఖైదీలలో ఎవరైనా తమలో తాము మాట్లాడుకొనుచు, తిండి మాని, మూలన కూర్చొని ఉంటే అధికారులకు వ్రాతపూర్వకంగా తెలియజేయవచ్చును. మదనపల్లె దంపతులను మొదట తిరుపతి వైద్యులు పరీక్షించారు, తరువాత విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపారు. మన రాష్ట్రంలో అట్టి నిందితులను పంపే చోటు అది. ఆశ్రయపురమునకు దారి దూరము కాకుండ కొలిచి సిద్ధపరచుడని ద్వితీయోపదేశకాండము చెప్పింది. మదనపల్లె నుండి విశాఖపట్నానికి దారి దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు.